ఆ రెండు కామాలు

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిణ్ణి అందరూ కామాలక్క అనేవాళ్ళు. వెటకారానికి పెట్టిన పేరది, ఆవిడ మాత్రం బిరుదులా మోసింది. ఇరవై ఆరేళ్ళు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో తప్పులు ఏరింది. నేను అదే గదిలో కంప్యూటర్ మీద పేజీలు కట్టేవాణ్ణి.

ఆవిడకి ప్రాణమైన పాఠం ఒకటుంది. ఇంగ్లీషులో ఒక మనిషిని చెప్పి, వెంటనే ఆ మనిషినే ఇంకో మాటతో చెబుతారు చూడండి, అది. ఆ రెండో మాట ఊరికే అదనపు సంగతైతే అటొకటి ఇటొకటి కామా పెట్టాలి, తీసేసినా వాక్యం నిలబడుతుంది. అసలు ఎవరో తేలడానికే ఆ మాట కావాలంటే కామాలు పెట్టకూడదు. నలుగురు తమ్ముళ్ళున్నవాడు ఏ తమ్ముడో చెప్పాలి కదా అనేది. నా బుర్రకి ఇది ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది.

యజమాని ఆవిణ్ణి ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం రాయమన్నాడు, మొదటి పేజీలో నీ పేరే వేస్తానన్నాడు. ఇక మూడేళ్ళు మధ్యాహ్నం అన్నం డబ్బా ఓ పక్క, కాగితాలు ఓ పక్క. ఉదాహరణలన్నీ ఇంట్లోవే. 'మై హస్బెండ్, ఎ టైలర్, రేర్లీ స్మైల్స్' అని రాసి, మా ఆయన, టైలరు, నవ్వేది అరుదు, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదని నవ్వింది. ఆ టైలరుగారికి ఇంగ్లీషు రాదు. అయినా భార్య పేరున్న పుస్తకం వస్తోందని కుట్టుమిషను పైన అర ఖాళీ చేసి పెట్టాడు.

మొదటి పేజీ అన్నిటికన్నా చివర్న వచ్చింది. అది నేను కట్టింది కాదు, యజమాని అల్లుడు తన గదిలో కట్టించుకున్నది. ఆ పేజీ కోసం అచ్చు మిషను ఆగి ఉంది, యజమాని వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు. అక్క దగ్గర ఒక అట్టముక్క ఉండేది, ఒక్క వరస మాత్రం కనిపించేలా సందు కోసి. అర్థంలో పడితే తప్పులు దొరకవని, ఏ పేజీ అయినా ముందు దాంట్లోంచే చూసేది. అల్లుడి పేరు ప్రతి పుస్తకంలోనూ ఏదో మూల ఉండేదే, ఆ వరస దాటేసింది. తర్వాతి వరసలో 'సుప్రసిద్ధ విద్యావేత్త' అన్న ఇంగ్లీషు మాటకి అటూ ఇటూ కామాలు లేవు. రెండూ పెట్టింది. ఆ కింది వరసలో తప్పేమీ కనబడలేదు. సంతకం చేసి ఇచ్చేసింది.

పుస్తకాలు బైండయి వచ్చాక గానీ అక్క మూడు వరసలూ కలిపి చదవలేదు. సుప్రసిద్ధ విద్యావేత్త అయిన ఆ అల్లుడే ఈ పుస్తకానికి ఏకైక రచయిత అట. నాకు ఒళ్ళు మండిపోయింది. సెలవు చీటీ కూడా అక్క చేత దిద్దించుకునే రకం వాడు.

ఇద్దరం యజమాని గదిలోకి వెళ్ళాం. ఆయన తాపీగా సొరుగులోంచి ప్రూఫు తీసి ముందు పెట్టాడు.

"నువ్వే చూసి సంతకం పెట్టావు కదమ్మా. అప్పుడు తప్పనిపించలేదా?"

అక్క ప్రూఫు దగ్గరికి లాక్కుని తన సంతకం చూసుకుంది. నేను ఆవిడ పక్షాన మాట్లాడలేదు, నా ఉద్యోగం గుర్తొచ్చింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ సాయంత్రం ఆవిడతో పాటు ఇంటిదాకా వెళ్ళాను. టైలరుగారు చేతులు తుడుచుకుని మరీ పుస్తకం అందుకున్నాడు. అక్క ఆయన మీద రాసిన ఉదాహరణ ఉన్న పేజీ తీసి, ఇదిగో ఇది నువ్వే అని చూపించింది. ఆయన నవ్వాడు. నేను చూడగా అదే మొదటిసారి.

"మరి నువ్వెక్కడ?" అన్నాడు.

అక్క మొదటి పేజీకి తిప్పి వేలు పెట్టింది.

"ఈ రెండు కామాలు నావి" అంది.