నాటలేని నారు

నిన్న ఫ్రిజ్ అడుగున మరిచిపోయిన కొత్తిమీర కట్ట తీశాను. కాడలు జిగురుగా కరిగి వేళ్ళకు అంటుకున్నాయి. ఎంత కడిగినా వదలని ఆ కుళ్ళు కంపు, గవర్నర్‌పేట ఫ్లాట్‌లో ఉన్న నన్ను పామర్రు దగ్గరి మా నారుమడి గట్టు మీదికి ఈడ్చుకుపోయింది.

ఆ ఏడు కాలవకు నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. కొత్త ఆవకాయ ఘాటు, తడిసిన గడ్డివాము వాసన, కప్పల గోల, పొద్దున్నే చల్దన్నం కలిపి ముద్దలు పెట్టే మేనత్త సీత, అన్నీ ఉన్న ఆ తొలకరిలో నాన్నకు ఒకటే ఆత్రం, నారు త్వరగా ఎదగాలని. ఎదుగుదల హార్మోను మందు తెచ్చి, చెప్పినదానికి రెట్టింపు కలిపి కొట్టాడు. నారు చూస్తుండగానే మోకాలు దాటింది. నాన్న దారినపోయేవాళ్ళను పిలిచి మరీ చూపించేవాడు. పాలిపోయిన ఆ పొడుగు కాడలను చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది.

మొక్కలో సహజంగా ఊరే హార్మోను కణాల గోడలను కాస్త వదులు చేస్తుందనీ, కణం సాగాక గోడ మందమై గట్టిపడుతుందనీ, అతిగా పోస్తే సాగడమే తప్ప గట్టిపడే వ్యవధి ఉండదనీ తర్వాతెప్పుడో కాలేజీలో చదివాను. అప్పుడు చూసింది మాత్రం, ఒక్క వానకే మడంతా ఒరిగి, నీళ్ళలో మురిగి, చీమిడిలా సాగడం. నారు తీయడానికి దిగిన ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"నాటేయండమ్మా, పొలంలో పడితే అవే నిలబడతాయి," అన్నాడు నాన్న.

వాళ్ళతోపాటు మడిలో దిగిన అత్త, చేతిలోని కుళ్ళిన నారు ముద్దను గట్టు మీదికి విసిరికొట్టింది. "ఛీ, దీన్ని నాటమంటావేంటన్నయ్యా?"

మళ్ళీ నారు పోసే అదను లేదు. మిగులు నారు ఉన్నది కంకిపాడులో, అత్త అత్తవారింట్లోనే. మామయ్య పోగానే తనను గెంటేసిన ఆ ఇంటి పేరెత్తితేనే అత్త మొహం తిప్పుకునేది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ గడప ముందే నిలబడింది.

"ఏమ్మా, ఇప్పటికి గుర్తొచ్చామా?" అన్నాడు ఆవిడ బావగారు, పళ్ళు కుట్టుకుంటూ.

"నారు కోసం వచ్చానండీ."

"గేదెలకేసేదేగా, పట్టుకెళ్ళు."

వాళ్ళిచ్చిన మజ్జిగ అత్త ముట్టలేదు. పొట్టిగా, ముదురు పచ్చగా ఉన్న నారుకట్టలతో ట్రాక్టర్‌లో తిరిగొస్తూ, కాలవ దగ్గర దిగి వాంతి చేసుకుంది.

పంట బాగా పండింది. అత్త ఆ బియ్యం మా అందరికీ వండి వడ్డించింది. తను మాత్రం ఆ ఏడంతా పాత బియ్యం విడిగా వండుకు తింది.

ఇప్పుడు అత్త లేదు. ఆ పొలంలో ప్లాట్ల రాళ్ళు పాతారు. మేం బియ్యం సంచుల్లో కొంటాం. ఈ అన్నం ఎవరి మడిలోదని అడిగేవాళ్ళు మా ఇంట్లో ఇక ఎవరూ లేరు.