సాయంత్రంలోగా ఆరాల్సిన బొంత

మా అమ్మ నన్ను "అండీ" అని పిలవడం మొదలుపెట్టిన వానాకాలంలోనే మా ఇంటికి బట్టలారబెట్టే మెషీన్ వచ్చింది. ఉతికే మెషీన్ ముందునుంచీ ఉంది. ఇది ఉత్త ఆరబెట్టడానికే. కాకినాడలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. వెనక బాల్కనీలో, గోడకి ఆనించకుండా, వేడిగాలి బయటికి పోయేలా పెట్టించాను. చూసినవాళ్ళు నేనేదో గొప్పకి పోయి కొన్నాననుకున్నారు. అనుకోనీ. వాళ్ళిళ్ళలో రోజూ తెల్లారేసరికి బొంత తడిసిపోదు కదా.

అమ్మ నాలాగే బడిపంతులమ్మ. మొగల్తూరు దగ్గర మిషన్ బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది. నాన్న పోయాక నా దగ్గరికి వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఆవిణ్ణి చూసుకోవడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేకపోయింది. మొదట పొయ్యి మీద పెట్టిన పాలు మర్చిపోయేది. తర్వాత చర్చి నుంచి ఇంటికొచ్చే దారి మర్చిపోయింది. ఆ తర్వాత నన్ను. యాభై దాటినా నన్ను "ఒసే మొద్దూ" అని పిలిచిన మనిషి, ఒక పొద్దున్న నేను కాఫీ ఇస్తే రెండు చేతులా అందుకుని, "మీకెందుకండీ శ్రమ" అంది. మా గోదావరి వాళ్ళ మర్యాద గురించి అందరూ తెగ పొగుడుతారు. ఆ మర్యాద కన్నతల్లి మనకి చేస్తే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు. వంటింట్లోకెళ్ళి పంపు తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాను.

నన్ను మర్చిపోయింది గానీ బొంతని మర్చిపోలేదు. అది ఆవిడ పాత చీరలతో కుట్టుకున్న బొంత. బండారులంక నేతచీరలు, బడికి కట్టుకెళ్ళి కట్టుకెళ్ళి మెత్తబడిపోయినవి, ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టింది. ఎండాకాలం సెలవుల్లో అరుగు మీద ఒక కొసన అమ్మ, ఇంకో కొసన పిన్ని కూర్చుని కుట్టారు. అమ్మ కుట్టు చీమల బారులా సన్నగా ఉంటుంది. పిన్నికి ఓపిక తక్కువ, అంతా పొడుగు పొడుగు బారుకుట్లే. ఆ బొంత చూస్తే ఎక్కడ అమ్మ ఆగిందో, ఎక్కడ పిన్ని మొదలుపెట్టిందో ఎవరైనా చెప్పేస్తారు.

చీకటి పడేసరికి అమ్మ మంచం మీద కూర్చుని, "నా బొంతేదండీ?" అని అడిగేది. ఇస్తే అంచు పట్టుకుని, కుట్ల మీద వేళ్ళు పోనిచ్చి, "ఆయ్, ఇదేనండి మాది" అని తృప్తిగా పడుకునేది. ఇవ్వకపోతే ఇల్లంతా వెతికేది. సోఫా దిండ్లు ఎత్తి చూసేది, బీరువా తలుపులు లాగేది, చివరికి ఎక్కడో అక్కడ నేల మీద కూర్చుని ఏడ్చేది. మెషీన్ కొనక ముందు ముసురు పట్టిన రోజుల్లో అలా చాలాసార్లు అయింది. నిద్రలో తెలియకుండానే పక్క తడిపేసేది కాబట్టి బొంత రోజూ ఉతకాల్సిందే. మా ఊళ్ళో సముద్రపు గాలికి మామూలు రోజుల్లోనే దుప్పట్లు చెమ్మగా ఉంటాయి. ఇక అల్పపీడనం పట్టిందంటే దండెం మీద వేసిన బొంత మూడోనాటికి కూడా ఆరదు, పైగా వాసన కొడుతుంది.

అందుకే కొన్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆ బొంతని గుర్తుపట్టినంతకాలం మా అమ్మ ఇంకా లోపలెక్కడో ఉన్నట్టే అని నేను నమ్మాను. నన్ను గుర్తుపట్టకపోయినా సరే. రోజూ సాయంత్రం "ఇదేనండి మాది" అన్న మాట వింటే ఆ రోజుకి నా ప్రాణం కుదుటపడేది. అందుకని ఆకాశం విరిగి పడినా సాయంత్రంలోగా బొంత ఆరి తీరాలి.

ఆ మెషీన్‌తో కాపురం నేను నేర్చుకున్నాను. బొంతని ఒంటరిగా వెయ్యాలి, ఇంకేమీ కలపకూడదు. తక్కువ వేడి మీదే తిప్పాలి, లేకపోతే పైన పెళపెళలాడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. సగంలో ఆపి తీసి, తిరగేసి మళ్ళీ వెయ్యాలి. వేసే ముందూ తీశాకా జల్లెడ బయటికి లాగి, దానికి పట్టిన నూగు దులిపెయ్యాలి, ఆ నూగు అగ్గిపుల్లకంటే తొందరగా అంటుకుంటుంది. చివర్లో వేడి లేకుండా ఉత్త గాలికి తిరిగే చుట్టు ఉంటుంది, అది పూర్తయ్యేదాకా తలుపు తియ్యకూడదు. తీశాక కుర్చీ మీద విప్పి పరచాలి. మెషీన్ తిరుగుతున్నప్పుడు ఇల్లు వదిలి వెళ్ళకూడదు. కర్టెన్లూ సోఫా గుడ్డలూ వెయ్యచ్చు గానీ వాటి లోపలి స్పాంజి వెయ్యకూడదు. ఇక నూనె మరకున్న గుడ్డ దాని దరిదాపులకి కూడా రాకూడదు. ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడెక్కిన నూనె గుడ్డని మడిచి కుప్ప పెడితే ఎవరూ అంటించకుండానే రగులుకుంటుంది.

ఇవన్నీ పిన్నికి నేను క్లాసులో చెప్పినట్టు చెప్పాను, మళ్ళీ అప్పజెప్పించుకున్నాను కూడా. పిన్ని అమ్మ చెల్లెలు. బాబాయి పోయాక మొగల్తూరులో ఒక్కతే ఉంటోంది. అమ్మ సంగతి తెలిశాక సంచీ సర్దుకుని వచ్చేసింది. నేను బడికెళ్ళినప్పుడు అమ్మ దగ్గర ఉండేది ఆవిడే. ఆవిడ రాకపోతే నేను ఉద్యోగం మానెయ్యాల్సి వచ్చేది. ఆ విశ్వాసం నాకుంది. కానీ ఇద్దరం ఒక ఇంట్లో ఉంటే ఉప్పూ నిప్పూ.

పిన్ని నమ్మకాలు పిన్నివి. నువ్వుల నూనెలో కర్పూరం కరగేసి, గోరువెచ్చగా అమ్మ మోకాళ్ళకి పట్టించేది. పట్టించి తువ్వాళ్ళతో చుట్టేది.

"పిన్నీ, ఆ తువ్వాళ్ళు మెషీన్లో వెయ్యకు," అనేదాన్ని.

"ఎన్నిసార్లు చెప్తావే? నేనేమన్నా నీ క్లాసులో పిల్లనా?"

"మొన్న స్పాంజి దిండు వేశావు కదా."

"వేస్తే ఏమైంది, తీసెయ్యలేదా? నీ మెషీన్‌కి నా కంటే ఎక్కువ మర్యాద ఈ ఇంట్లో!"

అమ్మ మా ఇద్దరి వంకా చూసి, "పోట్లాడుకోకండమ్మా, పిల్లలు వింటారు," అనేది. ఏ పిల్లలో, ఏ బడో.

ఆ ఆదివారం కూడా అల్పపీడనమే. తెల్లవారుజామున ఉతికిన బొంతని మెషీన్లో ఒక సగం తిప్పి, ఆపేసి, తిరిగొచ్చాక మిగతా సగం తిప్పుదామని చర్చికి వెళ్ళాను. నేను లేనప్పుడు మెషీన్ ముట్టుకోవద్దని పిన్నికి చెప్పే వెళ్ళాను. ఆ రోజు ఆరాధన తర్వాత స్త్రీల సమాజం మీటింగు కూడా ఉంది. అది అయ్యాక వానలో ఆటో దొరకలేదు. ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

మెట్ల మీదే వాసన తగిలింది. ఎవరింట్లోనో నూనె మాడినట్టు, దాంట్లో కర్పూరం కలిసినట్టు. తలుపు తీస్తే అమ్మ ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. "ఏదో మాడుతోందండి, పొయ్యి కట్టేశారో లేదో చూడండి," అంది. పిన్ని వంటింట్లోంచి, "పక్కవాళ్ళే, పొద్దుట్నుంచి ఏవో వేపుతున్నారు," అంది. ఆవిడకి జలుబు, వాసన సరిగ్గా తెలియడం లేదు. నేను మధ్యగది తలుపు తీశాను. ఖాళీ మంచం మీద దిండ్ల గుట్ట. ఆ గుట్ట కింద నుంచి సన్నగా పొగ.

"అమ్మని బయటికి తీసుకెళ్ళు!" అని అరిచాను. పిన్ని అమ్మ చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. నేను దిండ్లు లాగేశాను. వాటి కింద దళసరి రగ్గులో చుట్టిన మూట. మూట లాగగానే మడత విచ్చుకుంది, గాలి తగిలింది, భగ్గుమంది. చేతిలో చర్చికి పట్టుకెళ్ళిన గొడుగుంటే దాంతోనే కిందికి నెట్టి, స్నానాల గదిలో నిండుగా పట్టి ఉంచిన బకెట్లు తెచ్చి కుమ్మరించి, ఆరిన మూటని ఆ గదిలోకే ఈడ్చేశాను. పరుపు ఒక మూల నల్లబడింది, అంతే. ఇల్లు దక్కింది. బొంత దక్కలేదు.

జరిగింది పిన్ని ఏడుస్తూ చెప్పింది. నేను వెళ్ళాక మెషీన్లో చెయ్యి పెట్టి చూస్తే బొంత ఇంకా తడిగా ఉందట. సాయంత్రానికి ఆరకపోతే అక్క ఏడుస్తుందని వేడి బాగా పెంచి తిప్పిందట. చోటుంది కదా అని నూనె తువ్వాళ్ళు కూడా వేసిందట, సబ్బుతో ఉతికినవే కదా అనుకుంది. చల్లగాలి చుట్టు రాకముందే తలుపు తీసేసింది.

"ఎందుకు తీశావు పిన్నీ? ఎందుకు?"

"చల్లారిపోతే ఏం సుఖమే? చలిగా ఉంది కదా, వెచ్చవెచ్చగా కప్పుదామని. తువ్వాళ్ళు బొంత మధ్యలో పెట్టి మడిచి, రగ్గు చుట్టి, దిండ్లు పెట్టాను. సాయంత్రం దాకా వేడి నిలుస్తుందని."

అన్నం గిన్నె చల్లారకుండా గుడ్డలు చుట్టి పెట్టినట్టు, అక్క కోసం వేడిని దాచిపెట్టింది. అది అర్థమైంది కాబట్టే నాకు ఇంకా కోపం వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మొద్దు అన్నాను, మొండి అన్నాను, నీ చేతుల్లో పెట్టడం నాదే బుద్ధిలేనితనం అన్నాను. ఆవిడ స్నానాల గది గుమ్మంలో కూలబడి, తడిసిన బొంతని ఒళ్ళోకి లాక్కుని విప్పి చూసుకుంది. నడుమంతా కాలిపోయింది. ఆ కన్నం చుట్టూ పొరలు పొరలుగా చీరల రంగులు కనిపించాయి. కాలకుండా మిగిలింది ఒక వైపు అంచు, జానెడు వెడల్పు.

"ఇది అక్క కుట్టిన వైపే," అంది పిన్ని. "నాది కాలిపోయింది. పోతే పోయింది. ఆవిడ తడిమేది అంచే కదే?"

ఇద్దరికీ ఒకేసారి ఆలోచన వచ్చింది. కోపం ఎటు పోయిందో పోయింది. అంచుని కత్తిరించి, పొగవాసన పోయేదాకా ఉతికాను. జల్లెడ దులిపి, మెషీన్ లోపలంతా తుడిచి, ఆ ఒక్క పేలికనే వేసి, అన్నింటికంటే తక్కువ వేడి మీద తిప్పాను. చల్లగాలి చుట్టు అయ్యేదాకా ఇద్దరం దాని ముందే కూర్చున్నాం, అద్దంలోంచి అది తిరగడం చూస్తూ. కదలడానికి ధైర్యం లేదు. ఆరాక పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని ఒక నూలు దుప్పటి అంచుకి కుట్టింది. ఎప్పుడూ బారుకుట్లు వేసే మనిషి, అక్కలాగే సన్నగా కుట్టడానికి ప్రయత్నించింది. వేలికి రెండుసార్లు సూది గుచ్చుకుంది.

చీకటి పడింది. లైటు వేశాను. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కొత్త దుప్పటిని మోసం అనుకుంటుందేమో, తోసేస్తుందేమో, ఇల్లంతా వెతుకుతుందేమో. వెతికితే ఏం చెప్పాలో ఇద్దరం అనుకుని ఉంచుకున్నాం. పిన్ని గోడ వారన నిలబడింది. నేను దుప్పటి పట్టుకుని ఎదురుచూశాను.

అమ్మ అడగలేదు.

కిటికీ వంక చూసింది, వాన తగ్గిందా అని అడిగింది. కాళ్ళు మంచం మీదకి పెట్టుకుంది. నేను దుప్పటి కప్పి, అంచు ఆవిడ వేళ్ళ కింద పడేలా సర్దాను. వేళ్ళు కదల్లేదు. "బాగుందండి," అంది, ఎవరింట్లోనో చుట్టపుచూపుగా పడుకున్నట్టు. నేను ఆవిడ చెయ్యి తీసి, కుట్ల మీద పెట్టాను. ఊరికే అలా ఉంచింది.

ఏడుస్తుందని రోజంతా భయపడ్డాను. ఏడ్చి, బొంత కావాలని గోల చేసి, బీరువాలన్నీ లాగి పారేస్తే ఎంత బాగుండేదో ఆ క్షణంలో తెలిసింది. బొంత కాలిపోకపోయినా ఆ సాయంత్రం ఆవిడ అడిగేది కాదేమో. అది ఎప్పటికీ తెలియదు. మా అమ్మలో నాకు మిగిలిన ఆఖరి చోటు కూడా ఖాళీ అయిపోయింది.

పిన్ని ఆగలేకపోయింది. మంచం పక్కన నేల మీద కూర్చుని, అమ్మ మోకాళ్ళ మీద తల పెట్టేసింది.

"అక్కా, నీ బొంతేదని అడగవేంటి? నేను కాల్చేశానక్కా. తిట్టు. ఒక్కసారి తిట్టక్కా."

అమ్మ కంగారుగా నా వంక చూసింది. ఈ మనిషి ఎవరో, ఎందుకు ఏడుస్తోందో నన్ను అడుగుతున్నట్టు. అప్పుడు అమ్మే వంగి, ఆ దుప్పటి కొసతో పిన్ని కళ్ళు తుడిచింది.

"ఊరుకోండమ్మా," అంది. "ఏం పోయిందో గానీ, దొరుకుతుంది లెండి."