నిమ్మకాయ నలగని సైకిలు

సెమిలిగుడలో మన్మథరావంటే నీళ్లాయన. ఊళ్లో కొళాయి లైన్ల వాల్వులు తిప్పడం ఆయన ఉద్యోగం. ఆయన సైకిలు ఏ వీధి మలుపు తిరిగితే ఆ వీధిలో బిందెలు బయటికొస్తాయి. పేరు చూసి మోసపోకండి. యాభై దాటిన మనిషి, ఎండిన మునక్కాడలా ఉంటాడు.

ఆయన పాత సైకిలు ఆయనకంటే బరువు. దాని వెనక ఓ క్యారియర్, క్యారియర్ మీద దుప్పటి మడత, ఆ మడత మీద శుక్రవారం శుక్రవారం ఆయన భార్య అప్పమ్మ. కుందులి సంతకి వెళ్లేటప్పుడు ఖాళీ సంచి, వచ్చేటప్పుడు అల్లం, దుంపలు ఒళ్లో పెట్టుకుని ఆవిడ దారి పొడుగునా మాట్లాడుతుంది. ఆయన తొక్కుతూ ఊఁ కొడతాడు. ఇంటి దగ్గర మాటలకి తీరికెక్కడిది? ఆవిడకి బస్టాండు దగ్గర ఇడ్లీ బండి, ఈయనకి నీళ్లు. కూతురు రష్మిని నర్సింగు చదివించాలన్న మాటైనా, రేకులు తీసి శ్లాబు వెయ్యాలన్న మాటైనా ఆ క్యారియర్ మీద పుట్టిందే.

అలా సంత నుంచి ఎత్తెక్కుతున్న ఓ శుక్రవారం, హెల్మెట్లు పెట్టుకున్న సైకిళ్ల గుంపొకటి ఝుమ్మని ఆయన్ని దాటేసింది. విశాఖపట్నం నుంచి దేవమాలి కొండ చూడ్డానికి వచ్చినవాళ్లు. సన్నటి చక్రాలు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిళ్లు. అందరికంటే చివర ఓ తెల్లజుట్టు పెద్దాయన, బొజ్జతో. ఆ బొజ్జ కూడా మన్మథరావుని దాటేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సైకిలు మీదే బతికిన మనిషికి ఎలా ఉంటుంది చెప్పండి. ఆ రోజు అప్పమ్మ మాటల్లో ఒక్కదానికీ ఊఁ పడలేదు.

విశాఖపట్నంలో నర్సు చేస్తున్న రష్మికి సంగతి తెలిసింది. "బాబూ, నీకని ఒక్కటంటే ఒక్కటి కొనుక్కున్నావా ఎప్పుడైనా?" అని, తనకి సెలవు దొరికిన శనివారం నాడు తండ్రిని రప్పించి సైకిళ్ల షాపుకి తీసుకెళ్లింది.

షాపాయన గేర్ల గురించి చెబుతుంటే మన్మథరావు వినలేదు. నీలం సైకిలొకటి ఒంటిచేత్తో ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. షాపాయన రంగులు చూపిస్తున్నాడు, ఈయన ఎత్తుతూనే ఉన్నాడు. చివరికి పక్క సందులో తొక్కి చూడమన్నారు. రెండు తొక్కులకే సందు అయిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలికే అనుకుందాం. "సూసేవా అప్పమ్మా?" అన్నాడు వెనక్కి తిరిగి. వెనక ఓ కుక్క వస్తోంది. అలవాటు మరి.

ఊరికి వచ్చే బస్సు టాపు మీదికి సైకిలెక్కింది. తను కప్పుకోవాల్సిన శాలువా దానికి చుట్టి, సాలూరు ఘాటీ కొండదారి పొడుగునా మన్మథరావు చలికి వణుకుతూ కూర్చున్నాడు. బస్సు ఆగిన చోటల్లా దిగి చూసుకున్నాడు. కొత్త పెళ్లికూతుర్ని తెచ్చుకున్నప్పుడు కూడా ఇన్నిసార్లు వెనక్కి చూడలేదని అప్పమ్మ తర్వాత అంది.

గడప దగ్గరే ఆపేసిందావిడ. "శనివారం పూట ఇనుము తెచ్చేవా ఇంటికి?"

"ఇనుము కాదే. అల్యూమినియం. మన కొండల మట్టిలోంచి తీసేదే."

అప్పమ్మ ఒంటిచేత్తో ఎత్తి చూసింది. "నా ఇడ్లీ పాత్ర నయం," అంది. తర్వాత వంగి చూసింది. "మరి ఈ గొలుసేటి?"

గొలుసు మాత్రం ఇనుమే. గురువారం ఊరి అమ్మవారు ఠాకురాణి గుడిలో పూజయ్యాకే ఎక్కాలని తీర్పైపోయింది. ఆవిడ సైకిలు చుట్టూ తిరిగి వెనక్కొచ్చి నిలబడింది.

"క్యారియరేదీ?"

"ఇలాటోటికి ఉండదే."

"స్టాండు?"

"ఉండదు."

"మరి నాను?"

అక్కడ ఆగి ఆలోచించాల్సింది. నోరు ముందు పరిగెత్తింది. "నువ్వు ఆటోలో వచ్చెయ్యొచ్చు, హాయిగా."

అప్పమ్మ శాలువా దులిపి, మడత పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ మాట్లాడకపోవడమంటే వీధికి నీళ్లు రాకపోవడం లాంటిది, చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. ఆదివారం, సోమవారం ఆయనే ఏదో ఒకటి మాట్లాడుతూ వచ్చాడు. ఆవిడ ఊఁ కొట్టింది. ఇన్నాళ్లూ తను కొట్టిన ఊఁ అవతలివాళ్లకి ఎలా వినబడుతుందో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.

మంగళవారం క్యారియర్ ఒకటి కొని మెకానిక్ బాపి దగ్గరికి సైకిలు నడిపించుకెళ్లాడు. బాపి వెతికి వెతికి, "బోల్టు బిగించడానికి కన్నాలే లేవు మామా," అన్నాడు. తిరిగొస్తూ మన్మథరావుకి నిజంగా సిగ్గేసింది. సైకిలు మీద ప్రాణం పోతోంది. పళ్లెంలో అన్నం తరగట్లేదు. రెండూ ఒక్క సైకిలు వల్లే.

గురువారం వచ్చింది. అప్పమ్మ మాట్లాడకపోయినా పూజకి లోటు చెయ్యలేదు. పొట్టేలు కొమ్ముల హ్యాండిలుకి బంతిపూల దండ, సీటుకి పసుపు, కుంకుమ. పూజారి కొబ్బరికాయ కొట్టి ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. వెనక కొత్త లారీ ఒకటి తన వంతు కోసం ఆగి ఉంది. మన్మథరావు ఎక్కి తొక్కాడు. నిమ్మకాయ పక్కకి దూకి దొర్లిపోయింది.

మళ్లీ పెట్టారు. సన్నటి టైరు దాని మీదికెక్కి, జారి, మన్మథరావుని కొబ్బరి నీళ్లలో నిలబెట్టింది. నిమ్మకాయకి చిన్న గీతైనా పడలేదు.

"హెలా నాహి," అన్నాడు పూజారి ఒడియాలో, కాలేదని తల అడ్డంగా ఊపుతూ.

"బాబాయ్, బరువు సాలదు," అన్నాడు లారీ డ్రైవరు. "దానికీ లేదు, నీకూ లేదు."

జనం నవ్వారు. మన్మథరావు నవ్వలేదు. నిమ్మకాయ నలగని బండి ఇంటికి రాకూడదు, ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన అప్పమ్మ వైపు చూశాడు. "నీకు సోటు నేని సైకిలు తెచ్చేను," అన్నాడు, అందరూ వింటుండగానే. "అందుకే నలగట్లేదే ఇది."

అప్పమ్మ పూజ పళ్లెం పూజారి చేతిలో పెట్టింది. చీర కుచ్చిళ్లు దోపుకుంది. వచ్చి, హ్యాండిలుకీ సీటుకీ మధ్య కడ్డీ మీద పక్కవాటుగా ఎక్కి కూర్చుంది.

"తొక్కు," అంది.

నిమ్మకాయ పటుక్కున చితికి, రసం పూజారి పంచె మీద పడింది. "హెలా, హెలా," అన్నాడాయన తుడుచుకుంటూ.

ఇక దిగుతుందనుకున్నారంతా. ఆవిడ బంతిపూలు సర్దుకుంది. "బస్టాండు దాకా పోనీ. ఇడ్లీ బండి తియ్యాల."

లారీ పక్కకి తప్పుకుని దారిచ్చింది. వీధి ఎత్తెక్కుతుంటే అప్పమ్మ మొదలెట్టింది. నాలుగు రోజుల మాటలు, ఒకదాని వెనక ఒకటి. మన్మథరావు రొప్పుతూ "ఊఁ" అన్నాడు. ఆవిడ ఠక్కున ఆగి మెడ తిప్పి చూసింది. ఇన్నేళ్లూ వీపుతో మాట్లాడిన మనిషి. మొహం ఇంత దగ్గర.

"ఊఁ అన్నప్పుడు నవ్వుతావేటి నువ్వు?"

"ఎప్పుడూ నవ్వుతాను."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వు సందు ఇస్తేనా?"

ఆ మాటకి అప్పమ్మ ఊరుకుంది. ఊరుకుని, బస్టాండు దాకా ఆ మొహమే చూస్తూ కూర్చుంది.