జాబ్ కార్డు మీద ఒక వాక్యం

నన్ను ఎవరైనా ఒక మాట అంటే, అది ఎక్కడ అన్నారో, అప్పుడు వాళ్ళు వేసుకున్న చొక్కా ఏ రంగుదో కూడా నాకు గుర్తుంటుంది. మా ఇంట్లో దీన్ని జబ్బు అంటారు. నేను అలా అనుకోను. అన్నవాడు ఎలాగూ మరచిపోతాడు. మాట పడినవాడు కూడా మరచిపోతే ఆ అన్యాయం జరగనట్టే అయిపోతుంది.

ఆ రోజు సర్వీస్ మేనేజర్ వేసుకున్నది గళ్ళ చొక్కా. నరసరావుపేటలో నేను ట్రాక్టర్ కొన్న షోరూమ్‌లో, గాజు తలుపు పక్కన బల్ల మీద, బండి రిపేరు వివరాలు రాసే నా జాబ్ కార్డు అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాడు. బండిలో లోపం లేదు, డ్రైవర్ తప్పు అని దాని అర్థం. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు.

నేను ఇరవై రెండేళ్ళు ఇతరుల ట్రాక్టర్లు నడిపాను. మాచర్ల వైపు నాపరాళ్ళు తోలాను, గురజాల వైపు పత్తి తోలాను, సాగర్ కాలువ కింద వరి మడుల్లో దమ్ము చేశాను. అన్నేళ్ళలో నా పనిని తప్పుపట్టినవాడు ఒకే ఒక్కడు. క్రోసూరు దగ్గర ఒక రైతు, క్లచ్ అరిగితే నా కాలు బరువన్నాడు. దాన్ని నాకు ముందున్న డ్రైవర్ అరగదీశాడని తర్వాత తేలింది. ఆ రైతు నాకు క్షమాపణ చెప్పలేదు. సరే, అది వేరే సంగతి.

ఇన్నేళ్ళకు సొంతంగా ఒక చిన్న ట్రాక్టర్ కొన్నాను. మిరప సాళ్ళ మధ్య పట్టేంత సన్నటి బండి, అందులోనూ ఫోర్ వీల్. నకరికల్లు వైపు మాది నల్లరేగడి నేల. వాన పడితే వెనక చక్రాలు మాత్రమే లాగే చిన్న బండి అక్కడే కూర్చుంటుంది. ఈ బండికి సీటు పక్కన ఒక లివర్ ఉంటుంది. అది వేస్తే ముందు చక్రాలకు కూడా ఇంజన్ బలం అందుతుంది, నాలుగూ కలిసి లాగుతాయి. మొదటి వారాల్లో దాని పని చూసి మా ఊరి మిరప రైతులు వరసపెట్టి పిలిచారు. సాళ్ళ మధ్య కలుపు పోయేలా గుంటక తోలించుకోవడానికి రెండు రోజులు ముందుగా చెప్పుకునేవాళ్ళు.

ఆ తర్వాత షోరూమ్‌లో మొదటి సర్వీసు చేయించాను. వినాయక చవితి వెళ్ళాక పడిన వానలకు, మా ఊళ్ళోనే ఒక రైతు చేలో గుంటక తోలుతుండగా పల్లపు వైపు బండి దిగబడింది. లివర్ వేశాను. వెనక చక్రాలు అక్కడే తిరిగి గొయ్యి తవ్వుకున్నాయి. ముందు చక్రాలు ఊరికే నిలబడి ఉన్నాయి. పెద్ద ట్రాక్టర్ తెచ్చి గొలుసు వేసి లాగితే గాని బయటికి రాలేదు. గట్టు మీద జనం పోగయ్యారు.

"నాలుగు చక్రాల బండి కొని రెంటితో దున్నుతన్నాడు," అన్నాడొకడు. అతనెవరో నాకు తెలుసు.

మర్నాడు షోరూమ్‌కు తీసుకుపోయాను. మేనేజర్ తన మనిషిని ఎక్కించి, లివర్ వేయించి, సిమెంటు నేల మీద ఇటు నుంచి అటు ఒక చుట్టు నడిపించాడు.

"చూశారా, ముందు చక్రాలు తిరుగుతున్నాయి. ఇంకేం కావాలి?"

"బండి కదిలితే తిరగని చక్రం ఉంటదా సార్? ఎడ్లబండి చక్రమూ తిరుగుద్ది."

"మీరు లివర్ ఆలస్యంగా వేస్తున్నారు. దిగబడ్డాక వేస్తే ఎవరి బండైనా అంతే. నేర్చుకోవాలి."

నేర్చుకోవాలి అన్నది నన్ను. ఆ వాక్యం రాసింది అప్పుడే. అది రాస్తున్నప్పుడు మా ఊరి రైతే ఒకాయన, పెద్ద ట్రాక్టర్ కొనడానికి వచ్చి, పక్క కుర్చీలో టీ తాగుతున్నాడు. నేను బండి నడుపుకుంటూ ఇల్లు చేరేలోపు ఆ మాట బస్సెక్కి ఊరు చేరింది. తర్వాత వారం రోజులు నన్ను గుంటకకు పిలిచినవాడు లేడు. డ్రైవర్‌గా నాకున్నది పేరొక్కటే. అది ఆ కాగితం మీద పోయింది. దాన్ని ఆ కాగితం మీదే, రాసిన చేతితోనే కొట్టేయించాలని నిర్ణయించుకున్నాను.

"ఏదో రాశాడులే, అన్నం తిను," అంది మా ఆవిడ.

"నేను తింటా. వాడు కొట్టేయాల."

"పెళ్ళిలో మా పెదనాన్న నిన్ను కూర్చోమనలేదని పందొమ్మిదేళ్ళ నుంచి చెప్తన్నావు. ఇదింకో పందొమ్మిదేళ్ళు వినాలా నేను?"

పెదనాన్న సంగతి కూడా నిజమే. కూర్చోమనలేదు.

తోవ చూపింది మా వీధి చివర ఉండే పెద్దాయన. వరసకు బాబాయ్. ట్రాక్టర్ ఎప్పుడూ నడపలేదు, జీవితమంతా ఎడ్లతో దున్నినవాడు. ఒక ఉదయం నా సొంత చేలో, తడి ఆరీ ఆరని సాళ్ళలో బండి తోలి చూస్తున్నాను, లివర్ వేసే. ఆయన గట్టు దిగి వచ్చి, నా వెనక పడిన అచ్చుల దగ్గర వంగి కూర్చున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, బండి ఆపి ఇట్టా రా. ఈ వెనక చక్రం అచ్చు చూడు, ఎట్టా చెదిరిందో. ఇప్పుడు ముందుది చూడు."

వెనక టైర్ల అచ్చు పక్కన, వాటి కింద పడకుండా మిగిలినంత మేర, ముందు టైర్ల అచ్చు ముద్ర గుద్దినట్టు శుభ్రంగా ఉంది. ఒక్క గీత కూడా చెదరలేదు.

"అయితే ఏంది బాబాయ్?"

"మాకు కాడికి ఎలపట పక్కన ఒక ఎద్దుండేది. చానా మంచిగా కనపడేది. కాడి కింద మెడ పెట్టి నడిచేదే గానీ లాగేది కాదు. దాని డెక్క ఇట్టానే పడేది, పటం గీసినట్టు. లాగే ఎద్దుకు డెక్క మొన దిగబడి మట్టి ఎనక్కి గీరుకుపోద్ది. మనిషి అబద్ధమాడతాడు గానీ డెక్క ఆడదు. నీ ముందు చక్రాలు ఎంట నడుస్తన్నాయిరా. లాగట్లా."

ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న నాకు ఆ అచ్చు చూడాలని తోచలేదు. సిగ్గుపడ్డాను, కానీ సంతోషం అంతకన్నా ఎక్కువగా ఉంది. ఫోన్‌లో ఫొటోలు తీసుకుని మళ్ళీ షోరూమ్‌కు పోయాను. మేనేజర్ ఫొటోలు చూశాడు, బాబాయ్ మాట విన్నాడు.

"ఎద్దు డెక్కలకు మేం వారంటీ ఇవ్వమండీ," అన్నాడు. బల్ల దగ్గరున్న ముగ్గురూ నవ్వారు. ఆ రోజు తెల్ల చొక్కా.

అక్కణ్ణుంచి తిన్నగా మెకానిక్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. నరసరావుపేటలో బస్టాండు వెనక సందులో ఆయనది చిన్న షెడ్డు. తండ్రి ఆయిలింజన్లు బాగుచేసేవాడు, ఈయన ట్రాక్టర్లు. నేను విషయమంతా చెప్పాను, చొక్కాలతో సహా. ఆయన ఓపికగా విన్నాడు.

"అన్నా, నేను ఒక్క బోల్టు గూడా విప్పను. విప్పితే రేపు బయటోడి చెయ్యి పడిందంటారు, నీ వారంటీ పోద్ది. విప్పకుండా చెప్తా. నేర్చుకుని పో. అక్కడ నువ్వే చేసి చూపించాల."

బండి గట్టి నేల మీద పెట్టించాడు. ఇంజన్ ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. ఫోర్ వీల్ లివర్ వేయమన్నాడు. ముందు చక్రాల్లో ఒక్కదాని కింద జాకీ పెట్టి బెత్తెడు పైకి లేపాడు.

"ఇప్పుడు ఆ చక్రం తిప్పు. లోపల అన్నీ కలిసుంటే అది కదలకూడదు. వెనక గేరుబాక్సు పట్టుకునుంటది, రెండో చక్రాన్ని నేల పట్టుకునుంటది."

చేత్తో తోశాను. సైకిల్ చక్రంలా తిరిగింది.

"తెగింది ఎక్కడో చూద్దాం," అంటూ బండి కిందికి దూరాడు. గేరుబాక్సు నుంచి ముందు ఇరుసు దాకా ఒక ఇనుప గొట్టం ఉంటుంది. ముందు చక్రాలకు బలం తీసుకుపోయే షాఫ్ట్ దాని లోపల దాగి ఉంటుంది. భాయ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆ గొట్టానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. నన్ను చక్రం తిప్పమన్నాడు. తర్వాత నన్ను కింద పడుకోబెట్టి, తను తిప్పాడు. పిడిలోంచి సన్నగా గరగరమని వినపడింది.

"షాఫ్ట్ తిరుగుతోంది. అంటే ముందు ఇరుసు మంచిగుంది. వెనక చివర పట్టు లేదు. గేరుబాక్సుకీ షాఫ్టుకీ కలిపే, లోపల పళ్ళున్న చిన్న గొట్టం ఒకటుంటది, స్లీవ్ అంటారు. అది జారకుండా ఒక క్లిప్ ఉంటది. స్లీవ్ జారినా ఉండాల, లివర్ లోపల పట్టకపోయినా ఉండాల. సర్వీసులో అక్కడేమన్నా విప్పారా?"

జాబ్ కార్డులన్నీ నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాను. మొదటి సర్వీసు కార్డు తీసి ఇచ్చాను. ముందు ఇరుసు దగ్గర నూనె కారుతుంటే సీలు మార్చామని రాసి ఉంది. భాయ్ చదివి నవ్వాడు.

"షాఫ్ట్ తియ్యకుండా ఆ సీలు మార్చలేరన్నా. చెయ్యి పడిన చోటే ముందు చూడమను. స్లీవే."

షెడ్డులోనే ఆ పరీక్ష మూడుసార్లు నా చేత చేయించాడు.

మూడోసారి షోరూమ్‌కు నేను సోమవారం పొద్దున వెళ్ళాను. వారంలో ఎక్కువమంది కస్టమర్లు వచ్చేది అప్పుడే. బండిని గాజు తలుపు ఎదురుగా పెట్టి, రాళ్ళు వేసి, జాకీ ఎత్తాను. మేనేజర్ బయటికి వచ్చాడు.

"ఇదేంటండీ, ఇక్కడ?"

"సార్, లివర్ వేసే ఉంది. చూసుకోండి. ఇప్పుడు ఈ చక్రం ఒక్క వేలితో తిప్పండి."

తిప్పకుండా నిలబడ్డాడు. టోపీ పెట్టుకున్న రైతొకాయన ముందుకొచ్చి తను తిప్పాడు. చక్రం గిర్రున తిరిగింది. "నా బండికి ఇది కదలదే," అన్నాడాయన.

"వెనక చివర స్లీవ్ జారింది సార్. షాఫ్ట్ మీది గొట్టం విప్పించండి. స్లీవ్ దాని చోటులో ఉంటే నేను క్షమాపణ రాసిచ్చి పోతా."

ఆ మాట అన్నాకే గుర్తొచ్చింది నాకు. భాయ్ రెండు కారణాలు చెప్పాడు, నేను ఒక్కదాని మీదే ఒట్టేశాను. నలుగురూ చూస్తున్నారు గనక మేనేజర్ తన మెకానిక్‌ను పిలిచాడు. అతను బోల్టులు విప్పి గొట్టాన్ని ముందుకు జరిపాడు, టార్చి వేశాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. స్లీవ్ షాఫ్ట్ మీద జానెడు ముందుకు జారిపోయి ఉంది. గేరుబాక్సు పళ్ళు ఖాళీగా, మెరుస్తూ కనిపిస్తున్నాయి. క్లిప్ కూర్చోవాల్సిన గాడిలో క్లిప్ లేదు. విరిగిన ముక్క కూడా లేదు.

"కంపెనీ నుంచే ఇలా వచ్చి ఉండొచ్చు," అన్నాడు మేనేజర్.

"కంపెనీ నుంచి వచ్చినప్పుడు లాగింది సార్. ఇదిగో, మీ సర్వీసు కార్డు. సీలు మార్చామని మీరే రాశారు. షాఫ్ట్ తీసింది మీరు, పెట్టింది మీరు."

టోపీ రైతు ఆ కార్డు తీసుకుని పైకి చదివాడు. చదవమని నేను అడగలేదు.

స్లీవ్ వెనక్కి లాగి కొత్త క్లిప్ వేయడానికి ఒక టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. అంత చిన్న దానికి నా పేరు పోయింది. జాకీ మీద మళ్ళీ చక్రం తోశాను. కదలలేదు. అయినా ఒప్పుకోలేదు నేను. షోరూమ్ పక్క ఖాళీ స్థలంలో వాననీళ్ళు నిలిచి మోకాలి లోతు బురద ఉంది. బండిని అందులోకి దింపి, మధ్యలో ఆపి, లివర్ వేసి క్లచ్ వదిలాను. ముందు చక్రాలు బురద చిమ్ముకుంటూ ముక్కు పైకెత్తి లాగాయి. అవతలి గట్టెక్కి, తిరిగి అదే బురదలోంచి వచ్చాను. మేనేజర్ చొక్కా మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఆ రోజు లేత నీలం.

"సరేనండీ, అయిపోయింది కదా. సంతకం పెట్టి తీసుకెళ్ళండి," అన్నాడు.

కొత్త జాబ్ కార్డు చూశాను. ఫోర్ వీల్ సర్దుబాటు చేశాము అని ఉంది.

"సర్దుబాటు కాదు సార్. పాతది తియ్యండి. ఆ వాక్యం కొట్టేసి పక్కన సంతకం పెట్టండి. దీంట్లో జరిగింది రాయండి."

"పని అయ్యింది కదా, రాతతో ఏం పని?"

"నాకు రాతతోనే పోయింది."

లోపలికి వెళ్ళాడు, ఫోన్ మాట్లాడాడు, బయటికి వచ్చాడు. నేను అదే చోట నిలబడి ఉన్నాను. టోపీ రైతు కూడా ఉన్నాడు, ఇంకో ఇద్దరు చేరారు. చివరికి బల్ల దగ్గర కూర్చుని పెన్ను తీశాడు. పాత వాక్యం మీద ఒక గీత గీశాడు. చిన్నగా గీశాడు. ఇంకోటి గీయమన్నాను. గీశాడు.

"కొత్తది తెలుగులో రాయండి సార్. మా ఊళ్ళో అందరూ చదవాల."

రాశాడు. "మొదటి సర్వీసులో మా వాళ్ళు క్లిప్ వేయలేదు. డ్రైవర్ తప్పు లేదు." కింద సంతకం, తేదీ, షోరూమ్ ముద్ర. ముద్ర సరిగా పడకపోతే రెండోసారి వేయించాను.

ఆ సాయంత్రమే దాన్ని జిరాక్స్ తీయించి మా ఊరి టీ బంకు గోడకు అంటించాను. గట్టు మీద ఆ రోజు మాట అన్నవాడు టీ గ్లాసు పట్టుకుని అంతా చదివాడు. కింద ముద్ర దాకా చదివాడు.

"రేపు మా చేలోకి వస్తావా, మిరపకు గుంటకేయాల," అన్నాడు.

"ఎల్లుండి వస్తా," అన్నాను. రేపు నాకు ఖాళీయే.