కోయని కొమ్మ

మా బావకు కోపం తెప్పించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆయన నడిపే యంత్రాన్ని పొక్లెయిన్ అంటే చాలు. పొక్లెయిన్ మట్టి తవ్వుతుంది. మా బావది చెట్లను వేర్లతో సహా లేపే బండి. దాని అసలు పేరుకు మాలో ఎవరికీ నోరు తిరగదు కాబట్టి అందరం దాన్ని ‘గరిట’ అంటాం. లారీ వెనక మనిషెత్తు ఇనప రేకులు నాలుగుంటాయి, కాస్త వంపు తిరిగినవి. వాటిని చెట్టు చుట్టూ బిగించి ఒక్కొక్కటీ నేలలోకి దింపితే అడుగున నాలుగూ కలుసుకుంటాయి. పైకి లేపితే మట్టిముద్దతో సహా చెట్టంతా లేచి వస్తుంది. చూసేవాళ్ళు నోరు తెరుచుకుని నిలబడతారు. వెనకాల ట్రెయిలర్ నడిపేవాణ్ణి కాబట్టి నాకు నోరు తెరిచే తీరిక ఉండదు.

ఆయన మా అక్క మొగుడు. మాట పెళుసు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని ఎవరైనా సామెత ఎత్తితే, “వంగక్కర్లేదు, లేస్తే చాలు” అనేవాడు. రోడ్లు వెడల్పు చేసేవాళ్ళు, ఆస్పత్రులు కట్టేవాళ్ళు, డబ్బున్నవాళ్ళు ఆయన కోసం కబురు పెట్టేవారు. వాళ్ళెంత తొందరపెట్టినా కదిలేవాడు కాదు. ముందు చెట్టుకు ఒకవైపు వేర్లు కోయాలి. అక్కడ పీచువేళ్ళు పుట్టేదాకా ఆగి, అప్పుడు రెండోవైపు కోయాలి. లేపే ముందు పైన కొమ్మలు తీసేయాలి. వేరు ఎంత పోతే కొమ్మ అంత పోవాలి, లేకపోతే ఆ కాసిన్ని వేళ్ళు అంత చెట్టుకు నీళ్ళు అందించలేవు అనేవాడు. అందమైన చెట్టును బోడి చేస్తున్నావని యజమానులు ఏడ్చి మొత్తుకునేవారు. “అందం కావాలంటే ఫొటో తీసుకోండి, చెట్టు కావాలంటే పక్కకు జరగండి” అని రంపం అందుకునేవాడు. అలా ఆయన మార్చిన చెట్లు ఊరంతా బతికి ఉన్నాయి.

అక్కావాళ్ళకు ఒక్కతే కూతురు. వాళ్ళ పెరట్లో బాదం చెట్టు ఉండేది. దాని అడుగుకొమ్మ నేలకు సమానంగా బల్లలా సాగి ఉండేది. పాప బడి నుంచి రాగానే సంచీ అక్కడ తగిలించి, కొమ్మ మీద కాళ్ళు వేలాడేసుకుని కూచునేది. దిగి అన్నం తినమంటే, పైకే తెమ్మనేది. అక్క తిట్టుకుంటూ తెచ్చి, నిలబడే ముద్దలు పెట్టేది. ఎనిమిదో ఏట ఆ పిల్లకు జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం, తిరిగి తీసుకురాలేకపోయాం.

ఆ తర్వాత మా అక్క ఇంట్లో కంటే ఆ చెట్టు కిందే ఎక్కువ ఉండేది. బియ్యం ఏరుకున్నా, బట్టలు కుట్టుకున్నా ఆ కొమ్మ కిందే, మానుకు వీపు ఆనించుకుని. అలా కొన్నేళ్ళు గడిచాక పెద్ద మురుగు కాలువ ఆ వీధి మీదుగా వస్తుందని ఇళ్ళన్నీ ఖాళీ చేయమన్నారు. బదులుగా ఊరి చివర కట్టిన భవనాల్లో తలా ఒక వాటా ఇచ్చారు. అందరూ సామాన్లు సర్దుకుంటుంటే అక్క మాత్రం అలాగే కూచుంది.

“చెట్టు వస్తేనే నేనొస్తా” అంది.

“తెస్తాలే. ఊళ్ళోవాళ్ళవన్నీ మోశాను, నాది మోయలేనా?” అన్నాడు బావ.

కొత్త భవనం ముందు ఖాళీ జాగాలో గొయ్యి తీయడానికి అనుమతి తెచ్చుకున్నాడు. వేర్లు విడతల వారీగా కోశాడు. తూర్పువైపున్న బెరడు మీద రంగు గీత గీశాడు, అక్కడా ఆ వైపు తూర్పుకే ఉండాలని. నాకు తెలిసి ఏ మంత్రిగారి చెట్టుకూ ఇంత సేవ జరగలేదు. లేపే ముందురోజు నిచ్చెన వేసుకుని పైకొమ్మలన్నీ కోసుకుంటూ దిగాడు. అడుగుకొమ్మ దగ్గరికొచ్చేసరికి రంపం ఆపేశాడు. ఒక చేత్తో ఆ కొమ్మ పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చివర్లు కూడా కత్తిరించలేదు.

“బావా, అదీ తీసేయాలి. చెట్టు మీద పెద్ద కొమ్మ అదే” అన్నాను.

“నిచ్చెన పట్టుకో, దిగుతా.”

“ఊరందరికీ చెప్పే సూత్రం నీకు లేదా?”

“చెప్పాను కదా, నిచ్చెన పట్టుకో.”

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన ముఖం చూశాక ఇంకో మాట అనబుద్ధి కాలేదు. ఆ కొమ్మ మీద ఆయన కూతురు కూచునేది. ఏ తండ్రి రంపం పెడతాడు దాని మీద?

తెల్లవారుజామున గరిటతో లేపి, మట్టిముద్ద చుట్టూ గోనెపట్టా బిగించి, నా ట్రెయిలర్ మీద పడుకోబెట్టాం. అక్క నా పక్క సీట్లో కూచుని దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. గుంత వస్తే చాలు, “మెల్లగా రా తమ్ముడూ, మెల్లగా” అనేది, వెనక పురిటి మనిషి ఉన్నట్టు.

నాటిన కొన్నాళ్ళకు చిగుళ్ళొచ్చాయి. అడుగుకొమ్మ నిండా లేత ఆకులు. ఆ రోజు మా అక్క నవ్వింది. భవనంలో అందరికీ టీ కాచి ఇచ్చింది, అంతకుముందు మాకు తలుపు తెరవనివాళ్ళకు కూడా. అదే మొదలు కొత్త ఇంట్లో గిన్నెలు సర్దుకుంది, కిటికీలకు తెరలు కుట్టుకుంది. బావ మాత్రం చెట్టు మొదట్లో వంగి, బెరడును గోటితో గీకి చూశాడు. బెరడు కింద పచ్చగా ఉండాలి. గోధుమరంగుగా ఉంది.

“చిగుళ్ళొచ్చాయి కదా” అన్నాను.

“అవి మానులో దాచుకున్న తిండితో వచ్చినవిరా. కింద వేరు పట్టలేదు. ఆ తిండి అయిపోతే అంతే” అన్నాడు.

ఇప్పుడైనా ఆ కొమ్మ తీసేస్తే మిగతాది బతుకుతుందేమో చూడమన్నాను. మర్నాడు రంపం పట్టుకుని వెళ్ళాడు. అక్క ఆ కొమ్మ కింద కూచుని దిండు గలీబుకు కుట్టు వేసుకుంటోందట. రంపం మళ్ళీ బండిలో పడేసి పనిలోకి వచ్చేశాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే మానుకు తడిగోనె చుట్టేవాడు, ఆకుల మీద నీళ్ళు చల్లేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఆకులు వడలడం మొదలెట్టాక అక్క అడిగితే, “ఎండలెక్కువగా ఉన్నాయి, తేరుకుంటుందిలే” అన్నాడు. రచ్చ గెలిచిన మనిషి ఇంట్లో ఇలా ఓడిపోవడం నేను చూడలేకపోయాను.

అక్క తెలివితక్కువది కాదు. చెట్లు మోసేవాడితో అన్నేళ్ళు కాపురం చేసింది. ఒకరోజు తనే బెరడు గీకి చూసుకుని, తిన్నగా మా షెడ్డుకు వచ్చింది. బావ గరిట రేకులకు గ్రీజు పూస్తున్నాడు. నేను పక్కనే టైరు విప్పుతున్నాను.

“ఎప్పట్నించి తెలుసు నీకు?” అని అడిగింది.

బావ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “చిగురేసినప్పట్నించీ.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు నవ్వుతున్నావు. ఎలా చెప్పను? ఆ కొమ్మ కోయాల్సింది. నా చేతకాలేదు.” గుడ్డ పక్కన పడేసి, “రేపు నువ్వు తమ్ముడింటికి వెళ్ళు. వచ్చేసరికి అంతా తీయించేస్తా. నువ్వు చూడలేవు” అన్నాడు.

అక్క గొంతు పెంచలేదు.

“ఆస్పత్రిలో కూడా ఇలాగే చెప్పావు. డాక్టరు నిన్ను బయటికి పిలిచి మాట్లాడాడు. నువ్వు లోపలికొచ్చి, తగ్గుతుందంట, ఇంటికెళ్ళి బట్టలు పట్టుకురా అన్నావు. నేను పసుపు గౌను తెచ్చాను, ఇంటికి తెచ్చేటప్పుడు వేద్దామని. దారిలో దానికి ఊడిన బొత్తాం కుట్టించుకుంటూ కూచున్నాను. నేనొచ్చేసరికి పిల్ల లేదు.”

“నువ్వు తట్టుకోలేవనుకున్నాను” అన్నాడు బావ.

“తట్టుకోలేను. కానీ దాని పక్కన ఉండేదాన్ని కదా.”

మా బావ నేల మీద కూలబడ్డాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు, పాప పోయినప్పుడు కూడా. నేను టైరు వదిలేసి లేచాను గానీ ఎటు వెళ్ళాలో తెలియలేదు. అక్క కూడా ఆయన పక్కనే కూచుంది. ఆయన మీద చెయ్యి వెయ్యలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి అక్క చెట్టు దగ్గరే ఉంది, కొంగు నడుముకు బిగించుకుని. బావ ముందు కొమ్మ చివర్లన్నీ తీసేశాడు. పాప కూచునే మొదలు మిగిలింది. అక్క వెళ్ళి దాని కింద భుజం పెట్టి, రెండు చేతులా పట్టుకుంది.

“బరువుంటుంది, పక్కకు జరుగు” అన్నాడు బావ.

“నేను పట్టుకున్నాను. నువ్వు కోయి” అంది.

రంపం నడిచింది. కొమ్మ తెగి బరువంతా ఆమె భుజం మీదికి వచ్చింది. నేను సాయం పట్టబోతే వద్దని తలాడించింది. బావ రంపం ఆపి కింద పెట్టాక కూడా అక్క దాన్ని దించలేదు.