గల్లా ముందు రెండు చేతులు

మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే అతను ఇంకా బొగ్గుల పెట్టెతోనే రుద్దుతాడు. వానాకాలం పొద్దుటి పూట తడిసిన బొగ్గు ఒక పట్టాన అంటుకోక, అతను అట్టముక్కతో విసురుతూ కూర్చుంటే ఆ పొగ కాస్త చేదుగా, కాస్త కమ్మగా మా వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఖమ్మంలో స్థిరపడి ఇన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే చేతిలో పని ఆపేస్తాను. ఈ వయసులో పని ఆపడానికి సాకులు ఎన్నున్నా చాలవు గానీ, ఇది మాత్రం సాకు కాదు. ఆ పొగ నన్ను ఇల్లందు బస్టాండు ఎదుటికి తీసుకుపోయి, మా నాయిన హోటల్లో గల్లాపెట్టె పక్కన ఎత్తుపీట మీద కూర్చోబెడుతుంది.

పేరుకు హోటల్, తీరుకు వంటిల్లు. నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు, మసి పట్టిన రేకుల కప్పు, ఎప్పుడూ మండుతూ ఉండే బొగ్గుల పొయ్యి, దాని మీద మరిగి మరిగి నల్లబడిన టీ గిన్నె. బొగ్గు బాయి సైరన్ మోగిన కాసేపటికి షిఫ్టు దిగిన కార్మికులు వచ్చేవాళ్ళు. ఎంత కడుక్కున్నా కళ్ళ అంచుల్లో బొగ్గు నిలిచిపోయి, పెళ్ళికొడుకుల్లా కాటుక పెట్టుకున్నట్టు కనిపించేవాళ్ళు. ఎండాకాలంలో తునికి పండ్ల తీపి, వానాకాలంలో తడిసిన గొంగళ్ళ వాసన, దసరా ముందు గారెల నూనె వాసన, అన్నీ ఆ బల్లల మధ్యనుంచే నడిచి వెళ్ళేవి. సంత రోజున అడవి పల్లెల ఆడవాళ్ళు అడ్డాకు విస్తళ్ళు కట్టలుగా తెచ్చేవాళ్ళు. చుట్టుపక్కల దుకాణాల వాళ్ళు వాళ్ళకు ఇవ్వాల్సిన పైసలు బల్ల మీదికి విసిరితే, మా నాయిన లేచి నిలబడి అరచేతిలో పెట్టేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అందరూ అట్లాగే ఇస్తారనుకున్నాను.

గల్లా దగ్గర మా నాయినకు చాలా పట్టింపులు ఉండేవి. తొలి బేరం పైసలు కళ్ళకద్దుకోవాలి. ఎడమచేత్తో తీసుకోకూడదు. చిరిగిన నోటు వస్తే ఇచ్చినవాడి మొహం చూడకుండా నోటు మొహమే చూసి, వేరేది ఉందా అని మెల్లగా అడగాలి. బిల్లు కాగితం మీద రాసేది కాదు. వడ్డించే కొమరయ్య లోపలినుంచి గొంతెత్తి, నీలి అంగీ, ఇద్దరు, మూడున్నర అని రాగం తీసేవాడు. ఎవరు ఎన్ని పూరీలు తిన్నారో బస్టాండులో బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు కూడా తెలిసిపోయేది. చేతిలో పైసలు తక్కువున్నవాళ్ళు వస్తే మాత్రం కొమరయ్యకు గొంతు పోయేది. నాయినకు వేళ్ళు చూపించి ఊరుకునేవాడు.

అన్నిటికన్నా పెద్ద పని, ఎవరి పైసలు తీసుకోవాలో తేల్చడం. ఇద్దరు కలిసి తింటే గల్లా ముందుకు రెండు చేతులు వచ్చేవి. నేనిస్తనంటే నేనిస్తనని ఒకరినొకరు నెట్టుకుంటూ, మణికట్లు పట్టుకుంటూ, చూసేవాళ్ళకు కొట్లాటేమో అనిపించేది. ఇవ్వాలని నిజంగా ఉన్నవాడు చెయ్యి కడుక్కునేటప్పుడే జేబు గుండీ విప్పుకుంటాడని, లేనివాడికి గల్లా దాకా వచ్చాక గానీ గుండీ దొరకదని నాయిన నాకు చెప్పాడు. అయితే మూడోరకం వాడొకడుంటాడని, వాడికి ఇవ్వాలనే ఉంటుంది గానీ జేబులో ఉండదని, వాడి సంగతి చూడడానికే గల్లా దగ్గర మనిషి కూర్చునేదని మాత్రం చెప్పలేదు. అది చూసి నేర్చుకోవాల్సిన పని. నేను చూసింది తక్కువ, లెక్కపెట్టింది ఎక్కువ. ఇంట్లో ఎవరూ నన్ను లెక్కచేసేవాళ్ళు కాదు కాబట్టి, నేనే అన్నీ లెక్కపెట్టేదాన్ని.

సాంబయ్య మామ బాయిలో బదిలీ పనివాడు. పర్మినెంటు వాళ్ళు రాని రోజే అతనికి పని. ఆ వానాకాలం బాయిలోకి నీళ్ళొచ్చి బదిలీ వాళ్ళకు రెండు నెలలుగా పని లేదు. అతని కూతురు సరోజ నా తరగతే. మధ్యాహ్నాలు మా హోటల్ అరుగు మీద ఇద్దరం గచ్చకాయలు ఆడుకునేవాళ్ళం. అతని భార్య అన్న బోనకల్‌లో భూములున్న రైతు. చెల్లెలి సంసారం ఎట్లా ఉందో చూసిపోవడానికి వస్తున్నానని కబురు పెట్టాడు. ముందురోజు సాయంత్రం సాంబయ్య మామ మా పెరట్లోకి వచ్చి, తనకు పని లేదని బావకు తెలిస్తే ఆమెనూ పిల్లనూ తోలుకపోతాడని, రేపు తాను షిఫ్టు దిగివచ్చినట్టు ఇక్కడే కలుస్తానని, బిల్లు సంగతి కాస్త చూసుకొమ్మని నాయినను అడిగాడట. ఈ మాట నాకు తర్వాత తెలిసింది. నాకు తెలిసిన వరసలోనే చెబితే మీకు నా మీద జాలి కలుగుతుందని ముందే చెప్పేస్తున్నాను.

మర్నాడు బడి కప్పు కారుతోందని సెలవిచ్చారు. పొద్దున్నుంచీ నేను గల్లా పక్కనే ఉన్నాను. వచ్చిన నోట్లు ఒకవైపు, చిల్లర ఒకవైపు సర్ది, ఎవరెంత ఇచ్చారో తలలో కూడుకుంటూ, నా తెలివికి నేనే మురిసిపోతున్నాను. మధ్యాహ్నం వాళ్ళిద్దరూ వచ్చారు. బోనకల్ పెద్దాయన తెల్లటి పంచె ఎత్తి పట్టుకుని బురద దాటాడు. పూరీలు తిన్నారు, టీ తాగారు. కొమరయ్య గొంతెత్తలేదు. పెద్దాయన చెయ్యి కడుక్కుంటూనే గుండీ విప్పాడు. సాంబయ్య మామ కూడా అతనికన్నా ముందే చెయ్యి జేబులో పెట్టి, పెట్టిన చెయ్యి బయటికి తియ్యకుండానే, నువ్వుండు బావా, మా ఊరికొచ్చి నువ్విచ్చుడేంది అంటున్నాడు.

నాయిన ఆ పెద్దాయన నోటు వైపు చూడనుకూడా లేదు.

"ఉండనియ్యన్నా. సాంబయ్య పొద్దుగాల బాయికి పోయేటప్పుడే ఇచ్చిపోయిండు. చిల్లర గూడ నా తాన్నే ఉంది."

సాంబయ్య మామ చెయ్యి జేబులోంచి మెల్లగా బయటికి వస్తోంది. అప్పుడు నేను నోరు విప్పాను.

"లేదు నాయినా. పొద్దుగాల మామ రానేలేదు గద. పైసలన్ని నేనే లెక్కవెట్టిన."

రేకుల మీద వాన పడుతోంది. పెద్దాయన సాంబయ్య మామ కళ్ళ అంచులు చూశాడు. తర్వాత చేతి గోళ్ళు చూశాడు. రెండూ పెళ్ళికి పోయేవాడివంత శుభ్రంగా ఉన్నాయి. అయిదు రూపాయల నోటు గల్లా మీద పెట్టాడు. నాయిన ఇంకేం చెయ్యలేక కుడిచేత్తో తీసుకుని, మిగతా చిల్లర అతని అరచేతిలో పెట్టాడు.

సాయంత్రం బస్సుకు సరోజ, వాళ్ళమ్మ బోనకల్ వెళ్ళిపోయారు. ఎదురుగా బస్టాండులో సరోజ రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. పరిగెత్తుకుపోయి గచ్చకాయలు సగం ఇద్దామనుకున్నాను గానీ, అరుగు దిగలేదు.

నాయిన నన్ను తిట్టలేదు. తిడితే ఏడ్చి మరిచిపోయేదాన్ని. గల్లాపెట్టె మూసి తాళం వేస్తూ మాత్రం ఇంతే అన్నాడు:

"నీ లెక్క కరెక్టే బిడ్డా. గల్లా కాడ కూసున్నోళ్ళు అన్ని లెక్కలు పైకి చదవొద్దు."

ఆ తర్వాత వారం పది రోజులకు సాంబయ్య మామ ఒక్కడే టీకి వచ్చాడు. అప్పుడు మా దగ్గర తిన్నాక ఇవ్వడమే పద్ధతి. అతను మాత్రం లోపలికి వస్తూనే నేరుగా నా ముందుకొచ్చి, సరిపడా చిల్లర నా చేతిలో పెట్టాడు.

"ఇచ్చిన పాపా. చూస్తివి గద."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అట్లా ముందే ఇచ్చి తర్వాత తాగడం దసరా దాకా సాగింది. దసరా తర్వాత అతనూ బోనకల్ పోయి బావ పొలంలో పనికి కుదిరాడని కొమరయ్య చెప్పాడు. నాయిన విని, మరుగుతున్న టీలో గరిట తిప్పుతూ ఉండిపోయాడు. నేను పెద్దయి లెక్కల టీచర్నయ్యాను. ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దాను. నా తప్పులో దిద్దడానికి ఏమీ లేదు. అది ఒప్పు.

హోటల్ ఇప్పుడు లేదు, నాయినా లేడు. ఖమ్మంలో నేను వెళ్ళే టిఫిన్ సెంటర్లో అందరూ ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి. తిన్నాక నెట్టుకునేవాళ్ళు లేరు, పట్టుకోవడానికి మణికట్లు లేవు. మొన్న నా ముందు ఇద్దరు పెద్దమనుషులు నిలబడ్డారు. ఒకాయన స్నేహితుణ్ణి వెనక్కి తోసి, ఇవాళ నేనే అంటూ ఫోన్ తీసి గోడ మీది క్యూఆర్ బొమ్మకు చూపించాడు. పైసలు పడ్డాయని చెప్పే డబ్బా పలకలేదు. మళ్ళీ చూపించాడు. కౌంటర్ మీద అమ్మాయి మర్యాదగానే, రాలేదంకుల్, మీ అకౌంట్లో లేవేమో చూడండి అంది. అమ్మాయి తప్పేమీ లేదు. వరుసలో ఉన్న అందరూ విన్నారు. స్నేహితుడు విననట్టు పక్కకు తిరిగి తన ఫోన్ తీశాడు.

ఆయన పరువు నిలిచేలా ఏదైనా ఒక మాట అందామని నోటిదాకా వచ్చింది. కానీ పైసలు వచ్చాయో లేదో చెప్పాల్సింది ఇప్పుడు మనుషులు కాదు. చెప్పే హక్కున్న రోజున నేనేం చెప్పానో నాకు తెలుసు. ఆ పెద్దమనిషి ఇటు తిరిగేలోపు, ఎప్పుడో చదివేసిన గోడ మీది ధరల పట్టికను మొదటినుంచీ మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.