కోర్టు పిలుపు కోసం మా నాయన

నాకు నోరెక్కువ. ఇంట్లో ఎవరూ కాదనరు. ఎక్కడో పరాయి దేశంలో, వెనకటి యుద్ధంలో జనాన్ని చంపించిన తొంభై ఏళ్ల ముసలాయన్ని చక్రాల కుర్చీలో కోర్టుకు తెచ్చారని టీవీలో చూపించారు.

"పొయ్యే కాలంలో ఆ ముసలోణ్ణి యాల పీడించేది?" అన్నాడు మా ఆయన.

నేను ఊరుకుంటానా? "చచ్చినోళ్లకు ముసలితనం కూడా దక్కలేదు కదా. వయసేమన్నా బెయిలా?"

"నువ్వు జడ్జీ కాలేదు, బతికిపోయినారు మే."

మంచం మీద శనక్కాయలు వలుస్తున్న మా నాయన చెయ్యి ఆగింది. "ఆయప్పను పిలిచేవాళ్లు ఉండారు," అన్నాడు. "నన్ను యాల పిలవరు?"

మా ఆయనకు అర్థం కాలేదు. నాకు అయింది. నాయన మిలిటరీలో చేశాడు. కుప్పంలో పుట్టినవాడు, అరవం ఇంటి భాషలాగే వచ్చు. సముద్రం అవతలి యుద్ధంలో ఒక అరవ పల్లె సోదా చేస్తూ, ఆ భాష తెలిసింది ఈయనొక్కడికే కాబట్టి, ఆఫీసర్లు తలుపుల ముందు నిలబెట్టి పిలవమన్నారు. "బయటికి రాండమ్మా, ఏమీ చెయ్యం" అని అరవంలో పిలిచాడు. తమ భాష వినబడేసరికి ఒక తల్లీ, ఇద్దరు కొడుకులూ నమ్మి వచ్చారు. గోడకు నిలబెట్టి కాల్చేశారు.

అమ్మ చనిపోయిన ఏడు నాయన ఇదంతా నాకు చెప్పి, "నేను తుపాకీ ఎత్తలేదు. పిలిచినాను, అంతే" అన్నాడు.

"పిలిచినోడికి భాగం లేదా నాయనా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

టీవీలో అది చూసిన వారంలోనే ఒక పొద్దున నాయన కనిపించలేదు. మదనపల్లె బస్సెక్కాడని మా పుంగనూరు బస్టాండులో పూలమ్మే ఆమె చెప్పింది. మదనపల్లెలో ఆసుపత్రి చూశాను, టమాటా మార్కెట్టు చూశాను. చివరికి కోర్టు వరండాలో దొరికాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బెంచీ చివర కూర్చున్నాడు. బంట్రోతు వచ్చి ఎవరి పేరు కేకేసినా సగం లేచి, తనది కాదని మళ్లీ కూర్చుంటున్నాడు.

"ఏం కేసమ్మా ఈయనది?" బంట్రోతు నన్నడిగాడు. "పొద్దున్నించీ ఈడే ఉండాడు. పిలుస్తార్లే అంటాడు."

"కేసు లేదప్పా." నాయన వైపు తిరిగాను. "ఇంటికి పోదాం రా."

"ఉండమ్మా. పిలిచినప్పుడు లేకపోతే వారెంటు ఇస్తారు."

"ఎవురు పిలిచేది? ఆ పల్లెలో నీ పేరు ఎవురికి తెలుసు?"

"పేరు తెలీదు," అన్నాడు. "గొంతు తెలుసు."

బంట్రోతుకు జాలేసింది. నన్ను పక్కకు తీసుకుపోయి, "పేరు సెప్పమ్మా, ఒక కేకేస్తా. లోపలికి పొయ్యి దండం పెట్టుకోని వస్తాడు. మనసు కుదుటపడతాది" అన్నాడు.

మంచి మనిషే. పేరు నా నాలిక చివరిదాకా వచ్చింది.

"వద్దప్పా," అన్నాను. "అబద్ధపు పిలుపు ఒకటి చాలు మా ఇంటికి."

అతనికేం అర్థమైందో, లోపలికి వెళ్లిపోయాడు. నేను నాయన పక్కన కూర్చున్నాను. సాయంత్రం తలుపులు వేసేదాకా ప్రతి పేరుకూ ఆయన లేస్తూనే ఉన్నాడు. పడిపోకుండా నేను మోచెయ్యి పట్టుకుంటూనే ఉన్నాను.